తిమిరి చేప కసరత్తు

సాగరవల్లిని ఏలే నరసింగ భూపతి గుర్రం మీంచి పడి, కాలికి బద్దలు కట్టించుకుని మూడు నెలలు మంచం దిగలేదు. బద్దలు విప్పేసరికి తొడ కాస్తా మునక్కాయలా తయారైంది. ఎముక అతికింది గానీ, పాదం నేల మీద మోపడానికి రాజుకు ధైర్యం చాలలేదు.

అప్పుడు ఆస్థాన వైద్యుడు శేషాచార్యులు ఉప్పునీళ్ల తొట్టిలో ఒక చేపను తెప్పించాడు. జాలరులు దాన్ని తిమిరి చేప అంటారు. తాకితే చాలు, ఒళ్లు జిల్లుమంటుంది. రాజు దాని మీద పాదం పెట్టగానే తొడకండ తనంతట తానే బిగిసింది, వదిలింది, మళ్లీ బిగిసింది. పక్షం రోజులు ఇలా చేశాక చల్లబడిన కాలికి నెత్తురు పారింది, కండ కాస్త గట్టిపడింది.

కాగల కార్యం గంధర్వులే తీర్చారని రాజు మురిసిపోయాడు. పడుకునే కసరత్తు చేయొచ్చంటే ఇక తాలింఖానా దేనికి, రేపే మూసేయమన్నాడు. చేప ఉండగా చెమటెందుకని వైద్యుడు వంత పాడాడు.

రాజుగారి వంటశాల చూసే చిట్టెన్నకు గుండె జారిపోయింది. తాలింఖానా నడిపే వస్తాదు అతని మామ. దండాలూ బస్కీలూ తీయించడం తప్ప ఆ ముసలాయనకు మరో విద్య రాదు.

చేప మహిమ నిండు సభలో చూపిస్తాను, ఒక్కరోజు ఆగమని చిట్టెన్న బతిమాలాడు. ఆ కాసేపూ రాజుకు ఎవరూ చెయ్యందించకూడదని మాట కూడా తీసుకున్నాడు.

మర్నాడు సింహాసనానికి పది అడుగుల దూరంలో, అప్పుడే పెనం దిగిన బొబ్బట్లు నెయ్యి ఓడుతూ కూర్చున్నాయి. చల్లారితే రాజు ముట్టడని కోటంతా ఎరుగుదురు. చేపే ప్రభువును అక్కడికి చేరుస్తుందని చిట్టెన్న ప్రకటించాడు.

వైద్యుడు మీసం దువ్వుకుని రాజు పాదాన్ని చేప మీద పెట్టించాడు. కాలు ఎగిరింది. మళ్లీ ఎగిరింది. పదిసార్లు ఎగిరినా రాజు ఉన్నచోటే ఉన్నాడు. ఇంకా పెద్ద చేపను తెప్పిద్దామని వైద్యుడు నసిగాడు. బొబ్బట్ల మీద ఆవిరి పలచబడుతోంది.

"ఏమిటయ్యా ఈ ఎగతాళి?" అన్నాడు రాజు.

"మహాప్రభూ, కండను బిగించడం చేపకు తెలుసు. ఎటు వెళ్లాలో కాలికి చెప్పాల్సింది మాత్రం తమరే," అన్నాడు చిట్టెన్న.

రాజు పళ్లు కొరికి లేచాడు. మొదటి అడుగులోనే తూలాడు. చిట్టెన్న చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది. భయంతోనే వెనక్కి లాక్కున్నాడు. రెండో అడుగు నిలిచింది. పదో అడుగులో రాజు చేతికి బొబ్బట్టు అందింది. రెండోది కూడా తిన్నాక గానీ, తాను నడిచొచ్చానని ఆయనకు తట్టలేదు. వెనక్కి తిరిగి సింహాసనం చూసుకుని పగలబడి నవ్వాడు.

"అయితే చేప పనికిరానిదేనా?"

"ఎంతమాట ప్రభూ. నిద్రపోయిన కండను లేపింది ఆచార్యులవారి చేపే. లేచినవాడికి పని చెప్పేది మా మామ."

రాజు తన చేతి బంగారు మురుగు తీసి చిట్టెన్నకు తొడిగాడు. రేపటినుంచి తానే తాలింఖానాకు నడిచి వస్తానన్నాడు. ఆ చేప తొట్టిని రోజూ అక్కడికి మోసుకొచ్చే పని మాత్రం, చెమట గిట్టని శేషాచార్యులకు అప్పగించాడు. సభంతా ఘొల్లుమంది.