పోలయ్య వెళ్లిన గుమ్మం

చిదంబర యతి దగ్గరికి ప్రశ్న పట్టుకుని వెళ్లినవాడు జవాబుతో తిరిగొచ్చిన దాఖలా లేదు. ఏదో ఒక కథతో వచ్చేవాడు, నాలుగు రోజులు నిద్ర పోగొట్టుకునేవాడు. ఆయన శిష్యుడు కామేశం కొత్తగా పార్లమెంటుకు ఎన్నికై, మొదటి ప్రసంగం సభ్యుల జీతాల మీదే చేయాలనుకున్నాడు. "గురువుగారూ, సేవకు కూలి ఏమిటి? జీతాలే రద్దు చేయమని అడుగుతాను. తప్పా?" అన్నాడు. యతి కూర్చోమని సైగ చేసి, ఈ కథ చెప్పాడు.

పూర్వం ఒక దేశంలో చట్టసభ పెట్టిన పెద్దలంతా కలిగినవాళ్లు. జీతం పుచ్చుకుంటే సభ్యుడు నౌకరైపోతాడని, ఎవరికీ దమ్మిడీ ఇవ్వకూడదని రాసుకున్నారు. ఆ సభకు ఒకసారి పడవ నడిపే పోలయ్య గెలిచాడు. రేవు జనం భుజాల మీద ఊరేగించారు గానీ, ఇల్లు చేరేసరికి అతనికి దిగులు పట్టుకుంది. సమావేశాలు మూడు నెలలు. తెడ్డు పట్టని రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

మర్నాడే బియ్యం మిల్లు యజమాని భుజంగరావు స్వయంగా వచ్చాడు. "సోమవారం సోమవారం ఒక బస్తా మీ ఇంటికి పంపిస్తాను పోలయ్యా. నాకేమీ చేసిపెట్టక్కర్లేదు. నువ్వు దేశం పని మీద పోతే నీ పిల్లలు పస్తులుండటం ఊరికి మర్యాద కాదు," అన్నాడు. అన్నట్టే పంపాడు. కాగితం మీద వేలిముద్ర కూడా అడగలేదు.

ఆ ఏడు వానల్లేవు. రేవు పల్లెల్లో జనం గంజికి అల్లాడుతుంటే, మిల్లుల్లో దాచిన ధాన్యం బయటికి తీయించే బిల్లు సభకు వచ్చింది. ఒప్పుకునేవాళ్లు తూర్పు గుమ్మంలోంచి, కాదనేవాళ్లు పడమటి గుమ్మంలోంచి బయటికి నడవాలి. అదే అక్కడి ఓటు. పోలయ్య తూర్పుకేసి నాలుగడుగులు వేసి, ఎందుకో తలెత్తి చూశాడు. పైన జనం కూర్చునే చోట భుజంగరావు ఉన్నాడు. పక్కనే కొత్త చీరలో తన భార్య గవరమ్మ, ఒళ్లో చంటిది మిఠాయి చప్పరిస్తోంది. సభ చూపిస్తానని ఆయనే బండి కట్టించి తీసుకొచ్చాడట.

భుజంగరావు కళ్లెర్ర చేయలేదు. నవ్వుతూ నమస్కారం పెట్టి, ఆ చేత్తోనే చంటిదాని తల నిమిరాడు. ఆయన నన్నేమీ అడగలేదు కదా అని పోలయ్య ఎంత సర్దిచెప్పుకున్నా ఒంట్లో వణుకు తగ్గలేదు. వరద ఏట్లో ఎన్నోసార్లు పడవ దాటించిన మనిషి, నున్నటి నేల మీద నిలవలేక, బెంచీలు పట్టుకుంటూ పడమటి గుమ్మం చేరాడు.

బిల్లు ఒక్క ఓటుతో ఓడిపోయింది. మెట్ల మీద గవరమ్మ ఎదురొచ్చి, "అలా వణికిపోతన్నావేంటి మావా, జొరమా?" అని నుదురు ముట్టుకుంది. అతను చంటిదాన్ని లాక్కుని గుండెకు హత్తుకున్నాడు గానీ, భార్య మొహం చూడలేకపోయాడు. సోమవారం బస్తా వచ్చింది. రేవులో గంజి అడిగే గొంతులు రోజురోజుకీ తగ్గిపోయాయి.

కథ అయ్యాక కామేశం, "జీతాలు లేని సభలో కూడా ఇంత ఘోరమా గురువుగారూ?" అన్నాడు.

"జీతం లేనివాడు ఆ సభలో ఎవడున్నాడు నాయనా?" అన్నాడు యతి.