తవిటినాయుడు కారణం చెప్పాడు

ఒడిశా సరిహద్దులోని బూరగాం చెక్‌పోస్టులో తవిటినాయుడు అనే హెడ్ కానిస్టేబుల్ ఉండేవాడు. దొంగను పట్టడంలో అతన్ని మించినవాడు లేడు గానీ, ఎందుకు పట్టుకున్నావని ఎవరైనా అడిగితే అతనికి ఎక్కడలేని కోపం వచ్చేది.

కారణం చెప్పడమంటే అతనికి చిన్నతనం. "పోలీసోడు సంజాయిషీ సెప్పడమేటి?" అనేవాడు మీసం దువ్వుకుంటూ. ఆ మీసాన్ని దూరం నుంచి చూసే బస్సు డ్రైవర్లు వేగం తగ్గించేవారు. ఊళ్లోవాళ్లకి అతనంటే భయం. ఆ భయాన్నే గౌరవం అనుకుని మురిసిపోయేవాడు, పాపం.

ఒకనాడు ఉదయం ముసురు పట్టి ఉండగా వైర్‌లెస్‌లో కబురు వచ్చింది. ఒడిశాలో డంబరు అనేవాడు ఒక ముసలమ్మను కొట్టి, ఆమె మెడలో గొలుసు తెంపుకుని పారిపోయాడు. అక్కడ వాడి మీద కేసు పెట్టారు. వాడు ఆకుపచ్చ గళ్ల శాలువా కప్పుకుని ఇటువైపు వచ్చే బస్సెక్కాడట.

పొరుగు రాష్ట్రంలో అలాంటి కేసు ఉండి పారిపోయి వచ్చినవాడు కంటపడితే, వారంటు కోసం ఎదురుచూడనక్కర్లేదు. నమ్మదగిన కబురు ఉంటే అక్కడికక్కడే పట్టుకోవచ్చని చట్టమే చెప్పింది. పట్టుకున్నవాడికి ఎందుకు పట్టుకున్నారో వెంటనే చెప్పి తీరాలని కూడా అదే చట్టం చెప్పింది. మొదటి మాట తవిటినాయుడికి కంఠతా వచ్చు. రెండో మాట దగ్గరికి వచ్చేసరికి ఎందుకో మతిమరుపు వచ్చేది.

బస్సు వచ్చి ఆగింది. తవిటినాయుడు ఎక్కి చూశాడు. మూడో వరసలో, అద్దం పగిలిన కిటికీ పక్కన, ఆకుపచ్చ గళ్ల శాలువా కప్పుకున్న మనిషి కూర్చుని ఉన్నాడు. ఇంకేం కావాలి? చెయ్యి పట్టుకుని కిందికి దించేశాడు.

ఆ మనిషి పేరు గవరయ్య. సన్నాయి వాయిస్తాడు. రాత్రి ఒడిశాలో ఒక పెళ్లికి వాయించి, ఈ పూట బూరగాం అవతల ఇంకో పెళ్లికి వెళ్తున్నాడు. ఇన్నేళ్లలో ఏ ముహూర్తానికీ అతని సన్నాయి పలకకుండా ఉండలేదు. అదే అతని ఆస్తి, అదే అతని పరువు.

"బాబూ, నానేటి సేసినాను?" అని అడిగాడు గవరయ్య.

"టేసన్‌కి పద. తెలుస్తాది."

"ముహూర్తం దగ్గర పడిపోతంది బాబూ! ఎందుకు పట్టుకున్నారో ఒక్క మాట సెప్పండి. దానికి నాను జవాబు సెప్పుకుంటాను కదా!"

"నన్నే అడుగుతావేటి!" అని తవిటినాయుడు గుడ్లురిమాడు. బస్సు వెళ్లిపోయింది. గవరయ్య సన్నాయి సంచీని ఒళ్లో పెట్టుకుని, స్టేషన్ బల్ల మీద దిగాలుగా కూర్చున్నాడు.

చాలాసేపటికి ఎస్సై ప్రమీలారాణి వచ్చింది. వస్తూనే గవరయ్యతో, "ఒడిశాలో ముసలమ్మ గొలుసు తెంపింది నువ్వేనని అనుమానం. శాలువా గుర్తు చెప్పారు" అంది.

గవరయ్య అదిరిపడ్డాడు. "అయ్యో తల్లీ! ఈ శాలువా నాది కాదు! నా పక్కన కూకున్నోడు, 'తడిసిపోతన్నావు, కప్పుకో అన్నా' అని దారిలో ఇచ్చినాడు! ఆడు బస్సులోనే ఉండిపోనాడు!"

జీపు బస్సు వెంట పరుగెత్తింది. ఏం లాభం? డంబరు దారిలోనే దిగి జీడితోటల్లో మాయమయ్యాడు.

ప్రమీలారాణి తవిటినాయుణ్ని పక్కకు పిలిచింది. "నాయుడుగారూ, ఇలాంటివాణ్ని పట్టడానికి మనకి వారంటు అక్కర్లేదు. కానీ ఎందుకు పడుతున్నామో చెప్పే నోరు ఉండాలి. బస్సు దగ్గర ఆ ఒక్క మాట చెప్పి ఉంటే, దొంగ అక్కడే దొరికేవాడు" అంది.

తవిటినాయుడు తల దించుకున్నాడు. గవరయ్యను తన మోటారు సైకిలెక్కించుకుని పెళ్లి ఊరికి తీసుకెళ్లాడు. వాళ్లు చేరేసరికి తాళి కట్టడం అయిపోయింది. పెళ్లికూతురి తండ్రి గవరయ్య మీద విరుచుకుపడ్డాడు. "సన్నాయి లేకుండా మా పిల్ల మెళ్లో తాళి పడింది. ఇంత మాట తప్పేవాడివనుకోలేదు!"

అప్పుడు తవిటినాయుడు యూనిఫాంతోనే పందిట్లోకి నడిచాడు.

"తప్పు ఇతనిది కాదండి, నాది. దొంగనుకుని పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో సెప్పలేదు. సెప్పుంటే ఈపాటికి మీ పందిట్లో సన్నాయి మోగేది. నన్ను క్షమించండి" అని చేతులు జోడించాడు.

పోలీసు చేతులు జోడించడం ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. పెళ్లికూతురి తండ్రే ముందు మెత్తబడి, "సరే, భోజనాలకైనా వాయించవయ్యా" అన్నాడు.

ఆ ఏడు కార్తీకంలో ఒకనాడు బూరగాం సంత బాగా సాగుతోంది. గవరయ్య రొప్పుతూ చెక్‌పోస్టుకు పరుగెత్తుకొచ్చాడు.

"నాయుడుబాబూ, శాలువా ఇచ్చినోడు సంతలో ఉన్నాడు! నాను ఆడి మొగం మరిసిపోతానా?"

ఎవరివల్ల పరువు పోయిందో ఆ మనిషి దగ్గరికే గవరయ్య వచ్చాడు. ఎందుకంటే తప్పు ఒప్పుకున్నవాణ్ని నమ్మొచ్చని అతనికి తెలుసు.

తవిటినాయుడు గవరయ్యతో సంతలోకి వెళ్లి, అతను చూపించిన డంబరు భుజం మీద చెయ్యి వేశాడు. వాడు గడుసువాడు. వెంటనే గొంతు చించుకున్నాడు. "సూడండి బాబూ, పరాయి ఊరోణ్నని ఊరికే పట్టుకుంటన్నాడు! వారంటేదీ? కాయితం సూపించు!"

జనం మూగారు. తవిటినాయుడి పాత పద్ధతి అందరికీ తెలుసు కదా! "మళ్లీ మొదలెట్టినాడురా" అన్నారు ఒకరిద్దరు. ఇంకొందరు డంబరును విడిపించడానికి ముందుకు తోసుకొచ్చారు. ఇంకాస్త ఆలస్యమైతే దొంగ రెండోసారి జారిపోయేవాడే.

తవిటినాయుడు గుడ్లురమలేదు. లాఠీ ఎత్తలేదు. సంతంతా వినేలా చెప్పాడు.

"వారంటు లేదు. కారణం ఉంది, విను. నీ పేరు డంబరు. ఒడిశాలో ఒక ముసలమ్మని కొట్టి గొలుసు తెంపినావని నీ మీద కేసుంది. ఇతనికి శాలువా కప్పి తప్పించుకున్నావు. అందుకే పట్టుకుంటన్నాను. మీ వాళ్లలో ఎవరికి కబురు సెయ్యాలో సెప్పు, సేస్తాను. రేపు నిన్ను మెజిస్ట్రేటుగారి ముందు నిలబెడతాను. నీ మాటేదో అక్కడ సెప్పుకో."

గవరయ్య ముందుకొచ్చి, "ఈడే!" అన్నాడు. ముందుకు తోసుకొచ్చినవాళ్లే పక్కకు జరిగి దారి ఇచ్చారు. కూరలమ్మే ఒకావిడ, "అలా సెప్పు బాబూ! సెప్తే మాకు మాత్రం తెలీదేటి?" అంది.

మర్నాడు మెజిస్ట్రేటుగారు డంబరును అడిగారు. "నిన్ను ఎందుకు పట్టుకున్నారో నీకు చెప్పారా?"

డంబరు తల గోక్కున్నాడు. "సెప్పినారండి. సంతంతా ఇనేలా సెప్పినారు" అన్నాడు.

ఆ మాట విని తవిటినాయుడి ఛాతీ పొంగింది. ఎంతమంది దొంగల్ని పట్టినా అతనికి ఇంత గర్వం కలగలేదు. ఇప్పుడు కూడా ఆ చెక్‌పోస్టు దగ్గర బస్సులు వేగం తగ్గిస్తాయి. కానీ డ్రైవర్లు కిటికీలోంచి తల బయటికి పెట్టి, "నమస్తే నాయుడుగారూ!" అంటారు.

నీతి: కారణం చెప్పడం అధికారికి చిన్నతనం కాదు, అదే అతని పెద్దరికం.