మూడో మలుపు బుడేసాబు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు. నల్లకనుమ మీద ఇంకా తారు పడని కాలం. ఎర్రమట్టి దారిలో రోజుకు నాలుగు బండ్లు తిరిగితే గొప్ప. ఆ కనుమ కింద, రేకుల కొట్టంలో బుడేసాబు అనే మెకానిక్కు ఉండేవాడు. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. ఉన్నవల్లా రెండు పానాలు, ఒక సుత్తి, నల్లబడిన పది వేళ్ళు.

చుట్టుపక్కల ఏడూళ్ళకూ కలిపి ఒక్కటే కారు. దొరల నాటి పాత కారు. దొర వదిలేసి పోతే ఏడూళ్ళవాళ్ళూ దాన్ని రోగాలకూ కాన్పులకూ పెట్టుకున్నారు. ఆసుపత్రి కనుమకు అవతల ఉండేది మరి. దాన్ని నడిపేవాడు యలమంద.

ఆ కారు ఇంజనును చల్లబరిచే నీళ్ళు మూడు రబ్బరు గొట్టాల్లో తిరిగేవి. పైన ఒకటి, కింద ఒకటి. మూడోది సన్నది, ఇంజను వెనక దాక్కుని ఉండేది. చలిదేశపు కారు గదా, లోపల కూర్చున్నవాళ్ళకు వెచ్చగా ఉండాలని పెట్టిన గొట్టం అది.

ఒక ఏడు పై గొట్టం పగిలింది, బుడేసాబు మార్చాడు. మరో ఏడు కింది గొట్టం పగిలింది, మార్చాడు. ఎప్పుడూ ఒకటే వరస. ఇంజను చల్లారేదాకా కూర్చునేవాడు. పాతనీళ్ళు వదిలి, క్లిప్పులు విప్పి, తుప్పు గీకి, కొత్త గొట్టం తొడిగి బిగించేవాడు. నీళ్ళు పోసి, బుడగలు ఆగేదాకా ఇంజను ఆడించేవాడు.

కింది గొట్టం మార్చిన రోజు అతని వేలు మూడోదానికి తగిలింది. ఎండిన చెరువు మట్టిలా బీటలిచ్చి ఉంది. కొత్తది పట్నం నుంచి రావాలి. ఈ ఎండల్లో వెచ్చదనం ఎవరిక్కావాలిలే అనుకున్నాడు.

"అయిందా, బుడేసాబూ?" అన్నాడు యలమంద.

"అయింది. తీసుకుపో."

నెల తిరక్కుండానే గురవమ్మ అనే పిల్లకు నొప్పులొచ్చాయి. తొలికాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది. మిట్టమధ్యాహ్నం తల్లి తిరపతమ్మ కూతుర్ని కార్లో పడుకోబెట్టుకుని ఎక్కింది. మొదటి మలుపు దాటారు. రెండో మలుపు దాటారు. మూడో మలుపులో బుస్సుమని తెల్లటి ఆవిరి లేచింది. కారు ఆగిపోయింది.

యలమంద వాగుకు దిగి నీళ్ళు తెచ్చి పోశాడు. కారిపోయాయి. మళ్ళీ తెచ్చాడు. కారిపోయాయి. మూడోసారి తెచ్చేసరికి గురవమ్మ రాతి నీడన, తల్లి ఒళ్ళోనే కన్నుమూసింది. బిడ్డ లోకం చూడనేలేదు.

"వెనకెక్కడో దాగిన గొట్టం. సాయిబుకు మాత్రం ఎట్లా కనపడుతుంది?" అన్నారు ఏడూళ్ళవాళ్ళూ. యలమందా అదే అన్నాడు. బుడేసాబు విన్నాడు.

పెద్దకర్మ అయ్యాక తిరపతమ్మ కొట్టానికొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సాయిబూ, ఆ గొట్టం నీకు కనపడిందా?"

లేదంటే సరిపోయేది. ఊరంతా అతని తరఫునే ఉంది.

"కనపడిందమ్మా."

"కనపడీ వదిలేశావా?"

"వదిలేశాను. ఒక చెక్కముక్క చెక్కి ఆ గొట్టంలోకి నీళ్ళు పోయే దారి మూసేసినా నీ బిడ్డ బతికేది. అదీ చెయ్యలేదు."

ఆమె అతని వేళ్ళకేసి కాసేపు చూసి వెళ్ళిపోయింది.

మర్నాడు బుడేసాబు రేకులు ఊడదీసి, మోసుకెళ్ళి మూడో మలుపులో వేసుకున్నాడు. తెల్లారకముందే వాగు నుంచి కావడితో నీళ్ళు మోసేవాడు. వచ్చిన ప్రతి బండినీ ఆపేవాడు. "ఒక్కసారి మూత ఎత్తు నాయనా" అనేవాడు. పై గొట్టం నొక్కి, కింది గొట్టం నొక్కి, వెనక దాగినదాని కోసం చెయ్యి పెట్టి తడిమేవాడు. కాలే ఇంజనుకు చెయ్యి బొబ్బలెక్కేది.

మొదటి ఏడు డ్రైవర్లు తిట్టారు. రెండో ఏడు నవ్వారు. మూడో ఏడు వాళ్ళే ఆపారు. అట్లా ఇరవై ఏళ్ళు. ఆ దారిలో మళ్ళీ ఏ తల్లీ చావలేదు. అయినా బుడేసాబు నవ్వగా చూసినవాళ్ళు లేరు.

ఒక ముసురులో కొండచరియ విరిగి దారి మూసుకుపోయింది. మూడు రోజులు బండి రాలేదు. అతనికి జ్వరం. తన కుండలో నీళ్ళు తనకే అందించే మనిషి లేడు. నాలుగో రోజు యలమంద మట్టి గుట్టలు దాటుకుని వచ్చేసరికి ఒళ్ళు చల్లబడి ఉంది. ఆ మలుపులోనే గోరీ కట్టారు.

మూడోనాడు తిరపతమ్మ కొండెక్కి వచ్చింది. అప్పటికి నడుం వంగిపోయింది. చెంబుతో తెచ్చిన నీళ్ళు గోరీ మీద పోసింది.

"క్షమించావా, పిన్నీ?" అన్నాడు యలమంద.

"లేదురా" అంది ఆమె. "అబద్ధం ఆడొచ్చు. ఆడలేదు. అందుకు పోశాను."

ఇప్పుడక్కడ తారు రోడ్డు పడింది, బస్సులు తిరుగుతున్నాయి. అయినా మూడో మలుపులో డ్రైవరు బండి ఆపుతాడు. గోరీ మీద చెంబెడు నీళ్ళు పోస్తాడు. ఎంత తొందరున్నా ఎవరూ తిట్టరు. ఆ ఏడూళ్ళలో పని చేసి "అయింది" అన్నవాణ్ణి పెద్దవాళ్ళు ఇప్పటికీ ఒకటే అడుగుతారు: "వెనక తడిమావా?"