అవ్వ అడగని మాట

అనగనగా ఒక రాజు. ఊ కొట్టండర్రా, కొట్టకపోతే నా కథ నడవదు! ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి వేట పిచ్చి, నడిమివాడికి నిద్ర పిచ్చి, చిన్నవాడు మణికేతుడికి అవ్వ పిచ్చి. ఎండలు ముదిరాయంటే చాలు, గుర్రమెక్కి తల్లి పుట్టింటికి పరుగే పరుగు.

ఆ ఇల్లెక్కడ? అడవి దాటాలి, ఇసుక దిబ్బలు దాటాలి, ఉప్పు మడులు దాటాలి. సముద్రం ఒడ్డున, కనుచూపు మేరలో ఇంకో గడప లేని చోట అవ్వ ఒక్కతే ఉండేది. మనవడు గుర్రం దిగీ దిగకముందే నీళ్ళ చెంబుతో ఎదురొచ్చి, "కాళ్ళు కడుక్కున్నావట్రా, చిన్నోడా?" అనేది. కడుక్కోందే గడప తొక్కనిచ్చేది కాదు. యువరాజైతే ఆవిడకేం!

ఆ ఏడూ వెళ్ళాడు. అవ్వ అరుగు మీదే నిలబడింది. చేతిలో చెంబు లేదు.

"రా నాయనా, లోపలికి రా."

"అవ్వా, కాళ్ళకి నీళ్ళు?"

"ఇసుకేగా, అదే రాలిపోతుంది."

ముసలిదానికి ఎండదెబ్బ తగిలిందేమో పాపం అనుకున్నాడు మణికేతుడు.

"అవ్వా, దాహం."

"తాటి ముంజలున్నాయి, తిను."

తిన్నాడు. చేతులు జిగురు జిగురుగా అయ్యాయి.

"చేతులకైనా నీళ్ళియ్యవే అవ్వా!"

"పంచెకి తుడుచుకో."

పెరట్లోకి చూశాడు. కుండలన్నీ బోర్లించి ఉన్నాయి. బావి మీద బండ పరిచి ఉంది.

అంతలో అవ్వ ఒక పంజరం తెచ్చి ముందు పెట్టింది. లోపల చిలక. "ఒక మాంత్రికుడు నన్ను చంపుతానంటున్నాడు నాయనా. వాడి ప్రాణం దీన్లో ఉంది. నా చేతుల్లో సత్తువ లేదు. పొద్దుగూకేలోపు నువ్వు దీని మెడ విరవకపోతే నేను నీకు దక్కను" అని బావురుమంది.

మాంత్రికుల ప్రాణం చిలకల్లో ఉంటుందని మీకు తెలీదా? నాకు తెలీదా? మణికేతుడికీ తెలుసు! అవ్వ మీద ప్రేమకొద్దీ ఇంకేమీ అడగలేదు. ఇంట్లో నెత్తురెందుకని నీళ్ళ ఒడ్డుకి పట్టుకెళ్ళాడు. అవ్వ వెనకే వచ్చి, పొడి ఇసుకలో ఆగిపోయింది.

ఒకసారి నొక్కాడు, చిలక కెవ్వుమంది. రెండోసారి నొక్కాడు, గుడ్లు తేలేసింది. మూడోసారి నొక్కబోతుంటే వాడి పాదాలకేసి చూసి, పోతున్న గొంతుతో అంది:

"కాళ్ళు కడుక్కున్నావట్రా, చిన్నోడా?"

మణికేతుడి వేళ్ళు ఠక్కున వదులయ్యాయి. ఎవరి మెడ పట్టుకున్నాడు తను?

"వినకు! విరిచెయ్!" అని అరిచింది వెనకాల ఉన్నది. ఇంతలో అల ఒకటి పైకొచ్చింది. ముసలిది లేడిలా వెనక్కి గెంతింది.

"చెంబుడు నీళ్ళియ్యనిదానివి, నువ్వు మా అవ్వవేంటే!" అని, చిలకని గుండెకి హత్తుకుని, రెండో చేత్తో నీళ్ళు తీసి ఆ ముసలిదాని మొహాన కొట్టాడు. ముక్కు కరిగింది, చేతులు కరిగాయి, కేకా కరిగింది. చివరికి ఇసుకలో ఉప్పు కుప్ప మిగిలింది. రెండో అల దాన్నీ తుడిచేసింది.

చిలక లేదు. ఒళ్ళో అవ్వ ఉంది, దగ్గుతూ.

"ఉప్పుతో ఒళ్ళు చేసుకున్న మాంత్రికుడురా వాడు. నా ఆయుష్షు వాడికి కలవాలంటే నన్ను నా వాళ్ళే చంపాలట. అందుకే నన్ను చిలకని చేసి, నా రూపమెత్తి నీకోసం కాచుకున్నాడు" అంది.

మణికేతుడికి అదేదీ వినపడలేదు. అవ్వ మెడ మీద ఎర్రగా తన వేళ్ళ గుర్తులు! చూసి గొల్లుమన్నాడు.

"ఏడుపు తర్వాత. ముందు ఆ గోళ్ళు కత్తిరించుకో, వెధవా" అంది అవ్వ.

తర్వాత మణికేతుడు ఒక చక్కని రాకుమారిని పెళ్ళాడాడు, రాజయ్యాడు, చాలాకాలం చల్లగా ఏలాడు. అయినా ఎండాకాలం వస్తే పెళ్ళాంతో అక్కడికే పరుగు. అవ్వ చెంబుతో ఎదురొచ్చేది. అంత రాజూ ఆ చెంబు లాక్కుని, ఆ మెడకేసి చూడలేక తల దించుకుని, ముందు అవ్వ కాళ్ళు కడిగేవాడు.