అడుగుకో కూరగాయ

మెట్టవలసలో తెలివి పంచిపెట్టిన రోజున దాలినాయుడి ఇంటివాళ్ళే ముందు వరసలో నిలబడ్డారట. ఈ మాట చెప్పింది ఎవరో కాదు, వాళ్ళే. "సెప్పింది సెప్పినట్టు సేసేవోళ్ళం మేం. సొంత బుర్ర వాడి పని పాడుసేసే రకం కాదు" అని పెద్దకొడుకు పోలినాయుడు ఊరంతా చెప్పుకు తిరిగేవాడు. సొంత బుర్ర వాడరన్నది మాత్రం నిజమే, మనం కాదనలేం.

అలాంటి ఇంట్లో దాలినాయుడికి పక్షవాతం వచ్చి ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోయాయి. కొడుకులిద్దరూ ఆయన్ని బియ్యం బస్తాలా ఎత్తి మోసేవారు, ఆఖరికి పెరట్లో మరుగుదొడ్డికి కూడా. ఆయనకి సిగ్గుతో ప్రాణం పోయేది. "ఒరే, ఎవుడూ మొయ్యకండా ఒక్కసారి నా కాళ్ళతో నానెళ్తే సాలురా, ఇంకేటీ అడగను" అని ఏడ్చేవాడు.

పట్నం ఆసుపత్రిలో నెలరోజులు వైద్యం చేశారు. నెత్తి మీద రెండు తడి స్పాంజీలు పెట్టి, చీమ కుట్టినంత కరెంటు పంపుతూ, నడిపిస్తూ, నడుస్తుండగానే మాట్లాడించేవారు. కాలు కదిలింది! ఇంటికి పంపేటప్పుడు కసరత్తులు చేయించే డాక్టరమ్మ సుభాషిణి జాగ్రత్తలు చెప్పింది.

"రెండు పనులు ఒకేసారి చెయ్యడం మెదడు మళ్ళీ నేర్చుకోవాలి. నడిచేటప్పుడు అడుగుకో కూరగాయ పేరు చెప్పించండి. చెప్పిన పేరు మళ్ళీ చెప్పకూడదు, మీరు అందించకూడదు. ఇంట్లో మాత్రం కరెంటు జోలికి పోవద్దు!"

అంతే. ఇంటికి రాగానే చిన్నకొడుకు తవిటినాయుడు లైన్‌మేన్‌ని పిలిచి తీగ తీయించేశాడు. ఫ్యాను ఆగింది, మోటారు ఆగింది, దాలినాయుడి పెళ్ళాం అసిరమ్మ చీకట్లో చారులో పంచదార వేసింది. "డాక్టరమ్మకి ఎంత ముందుచూపో!" అని అందరూ చెమటలు తుడుచుకుంటూ తియ్యటి చారు తాగారు.

మర్నాడు పొద్దున్నే దాలినాయుడికి కడుపులో తొందరొచ్చింది. కొడుకులు చెరోపక్కా పట్టుకుని నడిపించారు. "వంకాయ" ఒక అడుగు. "బెండకాయ" ఇంకో అడుగు. దొండ, బీర, ఆనప, కాకర... కుంటుకుంటూ పంతొమ్మిదో అడుగుకి "కంద" అన్నాడు. మరుగుదొడ్డి ఇంకా నాలుగడుగులుంది. ఇంకేముంది, ఆయనకి తెలిసిన కూరగాయలు అయిపోయాయి.

"సెప్పు నాయనా!" అన్నాడు పోలినాయుడు.

"రావట్లేదురా. ఒగ్గేయండిరా, ఎళ్తాను!"

"పేరు లేకండా అడుగెలా వేత్తావు? వైద్యం పాడైపోదూ?"

"పోనీ, తెల్ల వంకాయ!"

"ఏ రంగైనా వంకాయ వంకాయే. మోసం సెయ్యకు."

అసిరమ్మ పక్కింటికి పరిగెత్తి ఒక క్యారెట్ తెచ్చింది. అందించకూడదు కదా, కొంగు కింద దాచేసి, "నా సేతిలో ఏటుందో సెప్పుకో సూద్దాం!" అంది. ఎంత సాయమో చూడండి! తవిటినాయుడికి ఇంకా గొప్ప ఆలోచన వచ్చింది. గునపం తెచ్చి, మరుగుదొడ్డినే నాలుగడుగులు ఇవతలికి జరుపుతానని గోడ తవ్వడం మొదలెట్టాడు.

ఆ చప్పుడుకి దాలినాయుడి గుండె ఝల్లుమంది. "ఒరే సచ్చినోడా, ఆగరా!" అని అరిచి, పెద్దకొడుకు చెయ్యి విదిలించుకుని, ఒకటి, రెండు, మూడు, నాలుగు! వెళ్ళి తలుపేసుకున్నాడు. లోపల్నుంచి ఏడుపు వినిపించింది, సంతోషంతోనే. బయట పోలినాయుడూ ఏడుస్తున్నాడు, నాలుగడుగులు పేర్లు లేకుండా దండగైపోయాయని.

వారం తిరక్కుండా మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. దాలినాయుడు హాలంతా నడిచి చూపించాడు. డాక్టరమ్మ చప్పట్లు కొట్టి, "ఇక మిమ్మల్ని ఎవరూ మోయక్కర్లేదు తాతగారూ! మీ కాళ్ళతో మీరే నడిచి ఇంటికెళ్ళండి!" అంది.

మెట్టవలస పద్నాలుగు కిలోమీటర్లు. బస్టాండులో పోలినాయుడు ఆగిపోయాడు. "బస్సు మోసినా మోసినట్టే కదా?"

పెద్ద చర్చ జరిగింది. చివరికి దాలినాయుడే తేల్చాడు. "బస్సెక్కుదాం, కానీ నాను కూకోను. నడిసే ఇంటికెళ్తాను."

ఆ తెలివికి కొడుకులు నోళ్ళు వెళ్ళబెట్టారు. బస్సు కదిలింది. దాలినాయుడు కడ్డీలు పట్టుకుని ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి నడుస్తూనే ఉన్నాడు. "కూర్చో తాతా, పడతావ్" అన్నాడు కండక్టరు.

"కూకుంటే ఇల్లెలా సేరతాను బాబూ?"

మెట్టవలస వచ్చింది. రోడ్డు పక్కన అసిరమ్మ హారతి పళ్ళెంతో నిలబడింది. దాలినాయుడు దిగబోతుంటే తవిటినాయుడు అడ్డుపడ్డాడు. "ఆగు నాయనా! ముందుకెన్ని అడుగులేశావో ఎనక్కీ అన్నే ఏశావు. అంటే ఆసుపత్రి కాడినించి నువ్వు ఒక్కడుగూ రాలేదు!"

"నిజమేరా!" అని దాలినాయుడు తల పట్టుకున్నాడు. "ఇప్పుడు దిగితే బస్సు మోసుకొచ్చినట్టే."

అంతే. ఎవరూ దిగలేదు. బస్సు బయల్దేరింది. "ఓలమ్మో, ఎక్కడికయ్యా?" అని అసిరమ్మ పళ్ళెంతో సహా వెంటపడింది.

దాలినాయుడు కిటికీలోంచి చెయ్యి ఊపాడు, పడిపోయిన ఆ ఎడమ చెయ్యే. "ఇంటికే వత్తన్నానే, నా కాళ్ళతో!" అని గర్వంగా అరిచి, వెనక సీటు వైపు నడక మొదలెట్టాడు.