రెండూ ఒకటే మందు

మొదటి సంవత్సరం పిల్లలకు సాయంత్రం పాఠాలు చివరి సంవత్సరం వాళ్లచేత చెప్పించడం కొండలరావు మాస్టారి పద్ధతి. ఆ ఫార్మసీ కాలేజీలో ఆ ఏడు ఆ పని హేమావతికి వచ్చింది. నెల తిరక్కుండానే ఆమె మాస్టారి గదికి వచ్చి మొహం ముడుచుకుని నిలబడింది.

"నావల్ల కాదు మాస్టారూ. ఏం చెప్పినా మళ్లీ అడుగుతారు. నా ఎదుటే పుస్తకం తెరిచి సరిచూసుకుంటారు. వాళ్లకు నామీద నమ్మకం కుదరాలంటే ఏం చెయ్యాలి?"

మాస్టారు ఆమెను కూర్చోమన్నారు. అడిగినదానికి జవాబివ్వకుండా, మురహరి అనే పాత విద్యార్థి సంగతి ఎత్తారు.

మురహరి బాగా చదివేవాడు, అంతకన్నా బాగా చెప్పేవాడు. కాలేజీ వరండాలో అతను పాఠం మొదలుపెడితే కూర్చోవడానికి చోటు దొరికేది కాదు. ఏది అడిగినా తడుముకునేవాడు కాదు. జూనియర్లు అతని మాటే రాసుకుని చదువుకునేవారు. వాళ్లలో కరుణ అనే పిల్ల ఉండేది. నలుగురిలో నోరు విప్పడమే ఆమెకు కష్టం. అయినా ఒకనాడు లేచి అడిగింది.

"అన్నా, జ్వరానికి పసిపిల్లలకిచ్చే చుక్కల మందూ సిరప్పూ వేరువేరా?"

"రెండూ ఒకటే మందు."

"అయితే కొలత కూడా..."

"ఒకటే అన్నాక మళ్లీ ఏమిటమ్మా?" అన్నాడు మురహరి. అందరూ నవ్వారు. ఆమె కూర్చుంది.

తర్వాత కొన్నాళ్లకు కరుణ శిక్షణ కోసం ఒక ఆస్పత్రి మందుల గదిలో చేరింది. ఒక మధ్యాహ్నం పెద్ద ఫార్మసిస్టు భోజనానికి వెళ్లిన సమయంలో, చంకలో బిడ్డతో ఒక తల్లి చీటీ పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. పూటకొక చెంచా సిరప్ అని డాక్టరు రాశాడు. సిరప్ అయిపోయింది, చుక్కల సీసాలున్నాయి. కరుణ వాటినే ఇచ్చి, పూటకొక చెంచా పట్టమంది. చుక్కల మందు చాలా గాఢమైనది. సిరప్ చెంచాడు పట్టేచోట అది కాస్తంత పడితే చాలు. ఆ తల్లి చెప్పింది చెప్పినట్టు చేసింది. జ్వరం దిగింది. ఆపైన వాంతులు పట్టుకున్నాయి, బిడ్డ పాలు మానేసింది, కళ్లు పచ్చబడ్డాయి. పట్నం ఆస్పత్రికి చేర్చేసరికే లివర్ పాడైపోయింది. బిడ్డ దక్కలేదు.

విచారణలో, అలా ఇవ్వమని ఎవరు చెప్పారని అడిగారు. "ఎవరూ చెప్పలేదు. నేనే పొరబడ్డాను" అంది కరుణ. చదువు మానేసి ఊరికి వెళ్లిపోయింది.

అప్పటికి ఉద్యోగంలో ఉన్న మురహరికి ఈ కబురు తెలిసింది. మర్నాడే వచ్చి మాస్టారి ముందు నిలబడ్డాడు.

"నేను చెప్పింది తప్పు కాదు కదా మాస్టారూ? రెండూ ఒకటే మందు కదా?"

"తప్పు కాదు" అన్నారు మాస్టారు.

ఆ మాట కోసమే అంతదూరం వచ్చినవాడు, అది విన్నాక మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తలుపు వైపు తిరిగాడు. అటునుంచి అటే కరుణ ఊరు వెళ్లాడు. ఆమె కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, దూరంగా గోడవార నిలుచుంది. అతను ఏదో చెప్పబోతే అడ్డుపడింది.

"మీరు సరిగానే చెప్పారన్నా. నాకే అర్థం కాలేదు."

ఆమె ఆ మాట నిజంగానే నమ్ముతోందని అతనికి తెలిసింది. ఆ తర్వాత అతను ఎవరికీ పాఠం చెప్పలేదు.

మాస్టారు చెప్పడం ఆపారు. హేమావతి లేచి, పిల్లలు ఎదురు చూస్తుంటారని నెమ్మదిగా అంది. మాస్టారు ఆమెను గుమ్మందాకా సాగనంపారు.

"అడగనీ అమ్మా. అడగడం మానేసిన రోజున నా దగ్గరికి రా."