ఎండపొడలో నుసి ఎందుకు ఎగురుతుంది

ఒకప్పుడు ఎండ ఇళ్లలోకి వచ్చేది కాదు. వీధి అరుగు దాకా వచ్చి ఆగిపోయేది. ఆకాశమంతా తనదై ఉండగా, ఎవరి వంటింట్లోనో దూరి అంట్లగిన్నెలు చూసే ఖర్మ తనకెందుకని దాని ధీమా.

ఆ రోజుల్లో ఒక ఊళ్లో పేరయ్య అనే ఆసామి రైసుమిల్లు పెట్టాడు. ధాన్యం ఉడకబెట్టే బాయిలరు కింద ఊక తగలబెట్టేవాడు. పొగగొట్టం మాత్రం ఆయన కంటే ఓ మూరెడే పొడుగు. అందులోంచి పొగ వచ్చేది, పొగ వెంట బూడిద వచ్చేది. రెండూ ఊరి నెత్తిన పడేవి.

ఊరివాళ్లు ఏడవాలి కదా? సంబరపడ్డారు. వాళ్లు పళ్లు తోముకునేదీ, గిన్నెలు తోమేదీ ఊకబూడిదతోనే. అది ఆకాశం నుంచి ఊరికే రాలుతుంటే ఎవడు వద్దంటాడు? ఇంటింటా కప్పు మీద పళ్లేలు పెట్టారు. పేరయ్యది పెద్ద మనసన్నారు. ఊరంతా తెల్లటి పళ్లతో దగ్గడం మొదలుపెట్టింది.

ఆ బూడిదలో పెద్ద రేణువులు బుద్ధిమంతులు. పళ్లెంలో పడి కూర్చునేవి. ఏవో కొన్ని ముక్కుల్లోకి వెళ్లినా, అక్కడి వెంట్రుకలకు చిక్కుకుని తుమ్ముతో బయటపడేవి. అన్నిటికంటే సన్నది నుసి. దానికి బరువే లేదు, సిగ్గు అసలే లేదు.

"మీరు కూర్చోండ్రా ముసలాళ్లూ, నేను లోపలికెళ్లి చూసొస్తా" అనేది. కంచెలో కోడిపిల్లలా ముక్కు వెంట్రుకల మధ్యనుంచి దూరి, ఊపిరితిత్తుల్లోకి పోయి కాపురం పెట్టేది. ఎవరి కంటికీ ఆనేది కాదు.

మునగచెట్టు ఆకుల మీద కూడా అదే పరుచుకుంది. ఒళ్లంతా మూసుకుపోయి ఊపిరాడటం లేదని చెట్టు మొత్తుకుంది. పూత లేకపోయేసరికి తేనెటీగలు వచ్చి, చెట్టునే నాలుగు తిట్టి పోయాయి.

ఆ ఊళ్లో నూకాలు అనే ఆమెకు మూడేళ్ల కూతురుంది. పేరు సింహాలు. పేరుకే సింహం, గుండెల్లో మాత్రం పిల్లికూతలు. కాస్త పరిగెత్తితే చాలు, పెదవులు నేరేడుపండు తిన్నట్టు అయ్యేవి. నూకాలు పేరయ్య దగ్గరికెళ్లి, పిల్ల దక్కేట్టు లేదు, బాయిలరు ఆపమంది.

"పిల్లని తినేస్తోందంటున్న ఆ నుసేదో నా కళ్లకి చూపించవే" అన్నాడు పేరయ్య. "చూపించిన రోజున నేనే ఆర్పేస్తా."

నూకాలు పళ్లెం తెచ్చి చూపించింది. అది పళ్లపొడి అన్నాడాయన. ఊరివాళ్లు అవునవునని నవ్వారు. నవ్వినవాళ్లందరికీ దగ్గొచ్చింది.

నూకాలు గాలిని నిలదీసింది. తాను బండివాడిలాంటిదాన్ననీ, ఎక్కించిన సరుకు మోయడమే తన పనీ అని గాలి తప్పించుకుంది. వానని అడిగితే, తన నెల రావాలంది. చివరికి ఎండ దగ్గరికెళ్లింది. తనకి నుసి రోజూ కనిపిస్తూనే ఉందనీ, ఆరుబయట వెలుగు ఎక్కువై మనుషులకి ఆనదనీ, చీకటింట్లో పడితే చూపించగలననీ ఎండ చెప్పింది. ఇళ్లలోకి మాత్రం రానంది.

"రావా, రాలేవా?" అంది నూకాలు. "అంత లావు ఒళ్లేసుకుని చిల్లులో ఎలా పడతావులే, పాపం."

ఎండకి ఒళ్లు మండిపోయింది. "చిల్లు ఎక్కడుందో చెప్పు" అంది.

నూకాలు ఒక కోతికి అరటిపండ్లిచ్చి, పేరయ్య ఇంటి పెంకు ఒకటి లాగమంది. తర్వాత పేరయ్య భోజనానికి కూర్చున్న వేళ చూసి, ఊరివాళ్లని వెంటబెట్టుకుని, సింహాలుని చంకనేసుకుని, ఆ ఇంట్లోకే వెళ్లింది. అందరూ లోపలికి రాగానే, బూడిదొచ్చి భోజనంలో పడుతుంది, తలుపులేయండని పేరయ్యే కేకేశాడు. గది చీకటైంది. పైన కోతి పెంకు లాగేసింది.

ఎండ ఒళ్లు దగ్గరికి లాక్కుని, సన్నగా, వాసంలా కిందికి దిగింది. అందులో దొరికిపోయింది నుసి. స్నానం చేస్తుంటే తడిక ఊడిపడినట్టైంది దాని పని. వేలకు వేలు నుసి రేణువులు, ఎగురుతూ దొర్లుతూ, పేరయ్య ముక్కులోకి మగపెళ్లివారిలా నడిచి వెళ్తున్నాయి.

పేరయ్య ఊపిరి బిగబట్టాడు. మొహం వంకాయలా అయింది. జనం ఓపిగ్గా నిలబడి చూశారు. ఎంతసేపని ఆగుతాడు? బుస్సున పీల్చాడు. విస్తళ్లు వేసి పిలిచినట్టు నుసంతా లోపలికి పోయింది.

"ఇది ఎండతో వచ్చింది, మా మిల్లుది కాదు" అన్నాడు దగ్గుకుంటూ.

నూకాలు సింహాలుని ఆ వెలుగు పక్కన నిలబెట్టింది. పిల్ల కీచుకీచుమని ఊపిరి తీసినప్పుడల్లా నుసి దాని చిన్న ముక్కువైపు తిరిగింది.

అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్లు బిందెలు తీసుకుని మిల్లువైపు నడిచారు. చూపిస్తే ఆర్పేస్తానని తాను సరదాకి అన్నానని పేరయ్య వెనకాల వస్తూ చెబుతూనే ఉన్నాడు. బాయిలరు కింద మంట చుయ్యిమంది.

ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టిన నుసి మాత్రం అంత తేలిగ్గా ఇల్లు ఖాళీ చెయ్యలేదు. వానలు పడి, మునగ ఆకు కడుక్కుని మళ్లీ పూతకొచ్చాకే సింహాలు ఆ చెట్టు దాకా ఆయాసం లేకుండా పరిగెత్తింది.

ఎండకి మాత్రం ఆ దూరడం అలవాటైపోయింది. అప్పటినుంచే పెంకు జరిగినా, కిటికీ రెక్క ఓరగా ఉన్నా, అది ఎవరిల్లని చూడకుండా, పిలవకుండా లోపలికి దిగిపోతుంది. ఆ వెలుగులో నుసి ఎటు దాక్కోవాలో తెలియక ఇవాళ్టికీ పైకీ కిందికీ ఎగురుతూనే ఉంటుంది.